మెంఫిస్ మ్యూజికల్ చూడబోతున్నారా, ముందు కాస్త రేడియో వినండి

న్యూయార్క్ నాటకాల వీధి బ్రాడ్‌వే అంటే అమెరికాలో ఉన్న మనవాళ్ళలో చాలామందికి ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్ళి ఏదో ఒక పెద్ద సెట్టింగుల షో చూపించి బయట బోర్డు కింద ఫోటో దిగి వచ్చేయడమే, తప్పేం లేదు, నేనూ అదే బాపతు. కానీ వీలైతే ఒక్కసారి మెంఫిస్ అనే మ్యూజికల్, అంటే పాటలతో నడిచే నాటకం, చూడండి. పాత షోనే, 2009 అక్టోబర్‌లో షూబర్ట్ థియేటర్లో మొదలై 2012 ఆగస్టు దాకా 1,165 సార్లు ఆడింది, 2010లో బెస్ట్ మ్యూజికల్‌తో కలిపి నాటకాలకిచ్చే టోనీ అవార్డులు నాలుగు కొట్టింది. ఇప్పుడు బ్రాడ్‌వేలో లేదు గానీ లోకల్ థియేటర్ గ్రూపులు, కాలేజీలు అక్కడక్కడా వేస్తూనే ఉంటాయి, పైగా 2011లో షో ఆడుతుండగానే కెమెరాలు పెట్టి షూట్ చేసి సినిమా హాళ్ళలో కూడా వేశారు, ఆ వీడియో దొరికినా చాలు.

అయితే ఏమీ తెలియకుండా వెళ్ళి కూర్చుంటే ఏమవుతుందంటే, మీకు ఒక లవ్ స్టోరీ కనిపిస్తుంది, తెల్ల కుర్రాడు, నల్లమ్మాయి, మధ్యలో ఊరు, మంచి పాటలు, చప్పట్లు, అయిపోయింది. అసలు సరుకు వెనకాల ఉంటుంది, అది 1950లలో రేడియో ఎలా పనిచేసేది, ఎవరి పాట ఎవరి స్టేషన్లో రావాలో ఎవరు నిర్ణయించేవాళ్ళు అన్నది. అది తెలిస్తే షోలో ఏది నిజం, ఏది మసాలా, ఏది మింగేశారు అన్నీ మీకే కనిపిస్తాయి. అందుకే నేను చెప్పే పద్ధతి కాస్త తలకిందులుగా ఉంటుంది, ముందు రేడియో, తర్వాత పాటలు, ఆ తర్వాతే షో.

కథ రెండు ముక్కల్లో చెప్తా. 1950ల మెంఫిస్, టెన్నెసీ. హ్యూయీ కాల్హూన్ అని చదువు అబ్బని, ఏ ఉద్యోగంలోనూ నిలవని తెల్ల కుర్రాడు, బీల్ స్ట్రీట్‌లో నేలమాళిగలో ఉన్న నల్లవాళ్ళ క్లబ్బుకి పాట వినబడి దిగుతాడు. క్లబ్బు ఓనర్ డెల్‌రే, వాళ్ళ చెల్లెలు ఫెలీషియా అక్కడ సింగర్. హ్యూయీ ఎలాగోలా ఒక తెల్ల స్టేషన్లోకి దూరి నల్లవాళ్ళ రికార్డులు వేసేస్తాడు, ఊళ్ళో కుర్రకారు పిచ్చెక్కిపోతారు, ఇతను డీజే అయిపోతాడు, ఆ అమ్మాయితో ప్రేమ. ఇక్కడి నుంచి స్పాయిలర్లు ఉంటాయి, వద్దనుకునేవాళ్ళు చూశాక వచ్చి చదవండి.

ఇప్పుడు రేడియో సంగతి. ఆ రోజుల్లో అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్ళకి బస్సులో సీటు వేరు, బడి వేరు, మంచినీళ్ళ కుళాయి వేరు, సినిమా హాల్లో నల్లవాళ్ళు పైన బాల్కనీలో కూర్చోవాలి. మెంఫిస్‌లో మరీ ఘోరం, లాయిడ్ బిన్‌ఫోర్డ్ అనే ఆయన ఏళ్ళ తరబడి సెన్సార్ బోర్డు నడిపాడు, నల్లపిల్లలూ తెల్లపిల్లలూ ఒకే క్లాసులో కూర్చున్నట్టు చూపించారని 1947లో ఒక పిల్లల కామెడీ సినిమాని బ్యాన్ చేశాడంటే చూసుకోండి. కుళాయికి బోర్డు పెట్టొచ్చు, బడికి గేటు పెట్టొచ్చు, రేడియో తరంగానికి ఏం పెడతారు, గోడ దాటి ఏ ఇంట్లోకైనా వచ్చేస్తుంది, అమ్మానాన్న పడుకున్నాక కుర్రాడు దుప్పట్లో రేడియో పెట్టుకుని ముల్లు తిప్పితే చాలు. అందులోనూ ఏఎమ్ రేడియో రాత్రిపూట ఇంకా దూరం పోతుంది, పగలు ఆకాశంలో ఉండే ఒక పొర ఆ తరంగాల్ని మింగేస్తుంది, చీకటి పడ్డాక ఆ పొర పల్చబడి, ఇంకా పైనున్న పొర వాటిని మళ్ళీ కిందకి తిప్పికొడుతుంది, అందుకే పవర్ ఉన్న స్టేషన్ వందల మైళ్ళు వినబడుతుంది. నాష్‌విల్‌లో డబ్ల్యూఎల్ఏసీ అని 50,000 వాట్ల స్టేషన్ ఉండేది, రాత్రుళ్ళు అక్కడ రిథమ్ అండ్ బ్లూస్ అనే నల్లవాళ్ళ పాటలు వేసేవాళ్ళు, వేసేది తెల్ల డీజేలు, అందులో జాన్ ఆర్ అని పిలిచే జాన్ రిచ్‌బర్గ్ గొంతు విని చాలామంది ఆయన నల్లాయనే అనుకునేవాళ్ళు.

మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది లెండి. 1952లో కేస్కర్ సమాచార ప్రసార మంత్రిగా ఉన్నప్పుడు ఆకాశవాణిలో సినిమా పాటలు తగ్గించేస్తే జనం ముల్లు తిప్పేసి రేడియో సిలోన్ పట్టుకున్నారు, చివరికి 1957లో వివిధ్ భారతి పెట్టక తప్పలేదు. అమెరికాలో గొడవ జాతిది, మన దగ్గర గొడవ శాస్త్రీయం గొప్పా సినిమా గొప్పా అన్నది, రెండూ ఒకటే అనడం లేదు, కానీ పైన కూర్చున్నవాడు వద్దంటే కింద ముల్లు ఎటు తిరుగుతుందో చూడ్డానికి పనికొస్తుంది.

షోకి వెళ్ళేముందు మీరు తప్పకుండా తెలుసుకోవాల్సిన పేరు డబ్ల్యూడీఐఏ. మెంఫిస్ స్టేషనే, 1947లో బర్ట్ ఫెర్గూసన్, జాన్ పెప్పర్ అని ఇద్దరు తెల్లవాళ్ళు పెట్టారు. మొదట్లో అందరిలాగే మామూలు ప్రోగ్రాములు వేశారు, నడవలేదు, డబ్బులు పోతున్నాయి, ఇక ఎలాగూ మునిగిపోతున్నాం కదా అని 1948 అక్టోబర్‌లో నాట్ డీ విలియమ్స్‌ని మైకు ముందు కూర్చోబెట్టారు. ఈయన నల్లవాళ్ళ హైస్కూల్లో హిస్టరీ మాస్టారు, పేపర్లో కాలమ్ కూడా రాసేవాడు. బెదిరింపులు వచ్చాయి. కానీ వినేవాళ్ళు ఎగబడ్డారు, దాంతో మెల్లగా స్టేషన్ మొత్తం నల్లవాళ్ళ కోసమే మార్చేశారు, అమెరికాలో అలా పూర్తిగా మారిన మొదటి స్టేషన్ ఇదే, 1954 కల్లా 50,000 వాట్లకి వెళ్ళింది. తర్వాత పెద్ద బ్లూస్ గిటారిస్టు అయిన బీబీ కింగ్ అక్కడే జనానికి తెలిశాడు, ఒక టానిక్ మందుకి అడ్వర్టైజ్‌మెంట్ పాట పాడుతూ. సింగర్ రూఫస్ థామస్ టెక్స్‌టైల్ మిల్లులో డ్యూటీ చేస్తూనే అక్కడ డీజే. మైకు దగ్గర అందరూ నల్లవాళ్ళే, ఓనర్లు మాత్రం తెల్లవాళ్ళే, అది కూడా గుర్తుపెట్టుకోండి. నల్లవాళ్ళు సొంతంగా కొనుక్కున్న మొదటి స్టేషన్ అట్లాంటాలో డబ్ల్యూఈఆర్‌డీ, 1949లో జెస్సీ బ్లేటన్ అని అకౌంటెంట్, కాలేజీ ప్రొఫెసర్, ఆయన కొన్నాడు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, షోలో హ్యూయీ మొదటిసారి ఆ రికార్డు వేసినప్పుడు లైట్లూ డాన్సులూ చూసి మీకు ఈ ఒక్కడే తలుపు పగలగొట్టాడు అనిపిస్తుంది. నిజంగా అయితే ఆ తలుపు అవతల అప్పటికే ఒక పెద్ద ఇల్లు నిండా మనుషులున్నారు, స్టేషన్ ఉంది, డీజేలున్నారు, స్పాన్సర్లున్నారు. హ్యూయీ లాంటివాళ్ళు చేసింది ఆ పాటని తెల్లపిల్లల దగ్గరికి తేవడం, అది చిన్న పనేం కాదు, కానీ మొదలుపెట్టింది వాళ్ళు కాదు.

హ్యూయీకి అసలు మనిషి డ్యూయీ ఫిలిప్స్. కొంచెం అటూ ఇటూగా ఆయన కథే. డిపార్ట్‌మెంట్ స్టోర్లో రికార్డుల సెక్షన్లో పనిచేస్తూ షాపు స్పీకర్లలో పాటలు వేసి అరుస్తూ అమ్మేవాడు, షోలో కూడా ఇలాంటి సీన్ ఉంది, భలే ఉంటుంది. 1949 నుంచి డబ్ల్యూహెచ్‌బీక్యూ అనే మెంఫిస్ స్టేషన్లో రాత్రి ప్రోగ్రాం. నోటికొచ్చింది వాగేవాడు, అడ్వర్టైజ్‌మెంట్లు తనకి తోచినట్టు చదివేవాడు, నల్లవాళ్ళ రికార్డూ తెల్లవాళ్ళ రికార్డూ పక్కపక్కన వేసేవాడు. ఆయన షో రికార్డింగులు కొన్ని మిగిలున్నాయి, వెతికి పది నిమిషాలు వినండి, ఏమంటున్నాడో సగం అర్థం కాదు, కానీ ఆ స్పీడు చూస్తే షోలో హీరో అలా ఎందుకు గెంతుతాడో తెలిసిపోతుంది.

ఆయన గురించి ఒక్క ముక్కే గుర్తుపెట్టుకోవాలంటే ఇది పెట్టుకోండి. 1954 జులైలో ఎల్విస్ ప్రెస్లీ మొదటి రికార్డు ఈయన షోలోనే వచ్చింది, జనం ఫోన్ల మీద ఫోన్లు, మళ్ళీ మళ్ళీ వేశాడు, ఆ రాత్రే కుర్రాడిని స్టూడియోకి పిలిపించి మాట్లాడించాడు. అడిగిన ప్రశ్నల్లో ఒకటి, ఏ హైస్కూల్లో చదివావు అని. హ్యూమ్స్ హై అన్నాడు ఎల్విస్. అది తెల్లవాళ్ళ స్కూలు. అంతే, పాట విని ఎవరో నల్లబ్బాయి అనుకుంటున్న ఊరు మొత్తానికి రంగు తెలిసిపోయింది, ఒక్క మాట రంగు గురించి అనకుండానే. రేడియో తరంగానికి అడ్డు పెట్టలేరు అని పైన రాశాను కదా, చూశారా, ఆ అడ్డు స్కూలు పేరులోంచి మళ్ళీ లోపలికి వచ్చేసింది.

ఫెలీషియా మాత్రం కల్పన, డ్యూయీ జీవితంలో అలాంటి లవ్ స్టోరీ వెతక్కండి. ఆయన కథ ముగిసింది కూడా మామూలు విషాదంగానే, 1958లో టీవీ షో పోయింది, తర్వాత రేడియో ఉద్యోగమూ పోయింది, 1968లో 42 ఏళ్ళకే పోయాడు.

ఇక పాటలు. షోకి ముందు ఒక గంట పెట్టండి, కానీ షో ఆల్బమ్ వినొద్దు, అది తర్వాత. ఆ కాలం రికార్డులు జంటలుగా వినండి, ముందు నల్లవాళ్ళది, వెంటనే అదే పాట తెల్లవాళ్ళది. ఎల్విస్ ఆ మొదటి రికార్డు దట్స్ ఆల్ రైట్, దానికంటే ముందు ఆర్థర్ క్రూడప్ పాడినది వినండి. హౌండ్ డాగ్ అనగానే అందరూ ఎల్విస్ అంటారు, 1956, దానికి ముందే బిగ్ మామా థార్న్‌టన్ పాడింది, విన్నాక ఎల్విస్‌ది కాస్త చప్పగా అనిపిస్తే నా తప్పు కాదు. ఫ్యాట్స్ డామినో 1955లో ఎయింట్ దట్ ఎ షేమ్ పాడితే పాప్ లిస్టులో 10వ స్థానం దాకా వచ్చింది, అదే పాట పాట్ బూన్ నీట్‌గా టక్ చేసుకుని పాడితే నంబర్ 1. లిటిల్ రిచర్డ్ టుట్టీ ఫ్రుట్టీకి కూడా ఇదే జరిగింది, పాట్ బూన్‌దే పైకెళ్ళింది. చాలా స్టేషన్లు నల్లవాళ్ళ ఒరిజినల్ రికార్డు వేసేవి కాదు, తెల్ల కవర్, అంటే అదే పాట తెల్లవాళ్ళు మళ్ళీ పాడింది, వస్తే వేసేవి, అంతే లెక్క. లిస్టులు కూడా వేరు, బిల్‌బోర్డ్ పత్రిక నల్లవాళ్ళ రికార్డుల్ని 1949 దాకా రేస్ రికార్డ్స్ అనే పేరుతో విడిగా వేసేది, ఆ ఏడాది దాన్నే రిథమ్ అండ్ బ్లూస్ అని మార్చారు. టైం ఉంటే సిస్టర్ రొజెట్టా థార్ప్ కూడా వినండి, చర్చి పాట, చేతిలో ఎలక్ట్రిక్ గిటార్, 1940లలోనే, రాక్ అండ్ రోల్ ఎక్కడి నుంచి వచ్చిందని ఇంకెవర్నీ అడగక్కర్లేదు.

ఇవి చెవిలో ఉండగా షోకి వెళ్తే ఒక తేడా తెలుస్తుంది. షోలో పాటలన్నీ కొత్తగా రాసినవి, మ్యూజిక్ డేవిడ్ బ్రయన్, బాన్ జోవీ బ్యాండ్ కీబోర్డు ఆయన, స్క్రిప్ట్ జో డిపియెట్రో, పాటల్లో మాటలు ఇద్దరూ కలిసి. ట్యూన్లు బాగుంటాయి, హాలు ఊగిపోతుంది, కానీ అది నిఖార్సైన 1950ల సౌండ్ కాదు, అందులో స్టేడియం రాక్ వాసన వస్తుంది. నాకది పెద్ద కంప్లైంట్ కాదు, అయితే మెంఫిస్ మ్యూజిక్ అంటే ఇదే అనుకుని ఇంటికొచ్చేస్తే మాత్రం కష్టం, అందుకే ముందు ఒరిజినల్స్ వినమన్నది.

చూసేటప్పుడు ఎక్కడ చూడాలి అంటే. మాట మధ్యలో పాట అందుకోవడం మనకి కొత్తేం కాదు, పద్య నాటకాలు చూసిన జాతి మనది, వన్స్‌మోర్ అని అరవకుండా ఉంటే చాలు. ఇంటర్వెల్‌తో కలిపి రెండున్నర గంటల పైనే. హ్యూయీ మీదే కళ్ళు పెట్టకండి, అతను ఎలాగూ కనబడతాడు, గోల గోల చేస్తాడు. డెల్‌రేని చూడండి. ఈ తెల్లోడు మా పాట కోసం వచ్చాడా, మా చెల్లి కోసం వచ్చాడా, రేపు ఇద్దర్నీ ఎత్తుకుపోతాడా అని అతనికి మొదటి నుంచీ అనుమానం, షో మొత్తంలో తెలివిగా ఆలోచించే మనిషి ఇతనే అని నా అభిప్రాయం. తర్వాత హ్యూయీ వాళ్ళమ్మ. ఫెలీషియా రికార్డుని చేతులారా పగలగొట్టేస్తుంది ఆవిడ, ఒక్కటే కాపీ, దాంతో ఫెలీషియా స్టూడియోలోనే లైవ్‌గా పాడాల్సి వస్తుంది. రికార్డు పగిలితే మనిషే స్వయంగా తెల్ల స్టేషన్ లోపలికి నడిచి వచ్చింది, ఆ సీన్ రాసినవాడికి దండం పెట్టొచ్చు. గేటర్ అనే బార్‌టెండర్ని కూడా వదలకండి, చిన్నప్పుడు వాళ్ళ నాన్నని చంపేయడం కళ్ళారా చూసి మాట పడిపోయినవాడు, మొదటి భాగం చివర్లో నోరు విప్పుతాడు, ఇంతకంటే చెప్పను.

రోడ్డు మీద వాళ్ళిద్దరూ ముద్దు పెట్టుకుంటే కొట్టే సీన్ ఉంది, అందులో అతిశయోక్తి ఏం లేదు. టెన్నెసీలో అప్పుడు నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ పెళ్ళి చేసుకోవడం చట్టప్రకారం నేరం, అమెరికా సుప్రీంకోర్టు అలాంటి చట్టాలన్నీ కొట్టేసింది 1967 జూన్‌లో. ఫెలీషియా న్యూయార్క్ వెళ్దాం వెళ్దాం అని ఎందుకు పోరుతుందో, కెరీర్ ఒక్కటే కారణం కాదని, ఈ ఒక్క విషయం తెలిస్తే అర్థమవుతుంది, తెలియకపోతే అమ్మాయికి డబ్బాశ ఎక్కువ అనిపించే ప్రమాదం ఉంది, మనవాళ్ళు అలా అనగా విన్నాను కూడా.

రెండో భాగంలో హ్యూయీ షో టీవీకి వస్తుంది, ఇక్కడ రేడియోకీ టీవీకీ తేడా బాగా పట్టుకున్నారు. రేడియోలో దాగినదంతా టీవీలో కనిపిస్తుంది కదా. నేషనల్ నెట్‌వర్క్ వాళ్ళు షో తీసుకుంటాం గానీ నల్ల డాన్సర్లు వద్దంటారు. ఇలాంటిది నిజంగా జరిగింది, 1957లో అలన్ ఫ్రీడ్ అనే తెల్ల డీజే టీవీ షోలో ఫ్రాంకీ లైమన్ అని నల్ల కుర్ర సింగర్ ఒక తెల్లమ్మాయితో డాన్స్ చేస్తే దక్షిణాది స్టేషన్లు గొడవ చేశాయి, షో పోయింది. అది తెలుసుకుని చూస్తే హ్యూయీ లైవ్‌లో ఫెలీషియాని ముద్దు పెట్టుకోవడం ఎంత పెద్ద రిస్కో, పైగా ఆ రిస్కు ఫెలీషియాని అడక్కుండా ఆమె తరఫున కూడా తనే తీసేసుకున్నాడని కనిపిస్తుంది. నాకు అక్కడ హ్యూయీ మీద కోపం వచ్చింది, షో కూడా కొంతవరకు అదే కోరుకుంటుంది అనుకుంటా.

అన్నట్టు దీని మీద వచ్చిన పెద్ద విమర్శ, నల్లవాళ్ళ కథని మళ్ళీ ఒక తెల్ల హీరో చుట్టూ తిప్పారు అని. సగం ఒప్పుకుంటాను. నాట్ డీ విలియమ్స్ లాంటి మాస్టారు మీద మ్యూజికల్ ఎందుకు రాలేదు అని అడగాల్సిందే. మిగతా సగం ఏంటంటే, కథ చివరికి ఫెలీషియా నేషనల్ టూర్‌కి వెళ్తుంది, హ్యూయీ ఎవరూ వినని చిన్న స్టేషన్లో మిగిలిపోతాడు, అంటే రాసినవాళ్ళకి ఆ ఇబ్బంది తెలుసు. ఇంకో చిత్రం, అదే 2010లో బెస్ట్ మ్యూజికల్‌కి దీనితో పోటీపడిన వాటిల్లో ఒకటి మిలియన్ డాలర్ క్వార్టెట్, ఎల్విస్ మొదటి రికార్డు చేసిన ఇదే ఊరి సన్ స్టూడియో కథ, అందులో హీరోలు నలుగురూ తెల్ల సింగర్లే, దానితో పోలిస్తే ఇది నయమే.

పిల్లల సంగతి, జాతి తిట్లు వస్తాయి, కొట్టే సీన్ గట్టిగానే ఉంటుంది, చిన్నపిల్లలకి వద్దు, హైస్కూల్ పిల్లలైతే తప్పక తీసుకెళ్ళండి, స్కూల్లో సివిల్ రైట్స్ పాఠం వాళ్ళు మనకంటే బాగా చదివి ఉంటారు, మనకే చెప్తారు.

ఊరు చూడాలంటే మెంఫిస్ అంత దూరమేం కాదు, ఫెడెక్స్ హెడ్ ఆఫీసు అక్కడే కాబట్టి మన తెలుగువాళ్ళు కూడా బాగానే ఉన్నారు, ఎవరో ఒక చుట్టం దొరుకుతారు. అందరూ ఎల్విస్ ఇంటికే పరిగెడతారు, మీరు ముందు యూనియన్ అవెన్యూ 706లో సన్ స్టూడియో చూడండి, చిన్న గది, గంటలోపు అయిపోతుంది. డ్యూయీ ప్రోగ్రాం వచ్చిన చిస్కా హోటల్ ఇప్పుడు అపార్ట్‌మెంట్లు, బయట నుంచి చూసి కదలడమే. బీల్ స్ట్రీట్ ఇప్పుడు పూర్తిగా టూరిస్టుల వీధి, రాత్రి వెళ్తే గోలే గోల, షోలో క్లబ్బు అక్కడ వెతక్కండి. అసలు టైం పెట్టాల్సింది రెండు చోట్ల. ఒకటి స్టాక్స్ మ్యూజియం, నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఒకే బ్యాండ్‌లో కూర్చుని వాయించిన 1960ల స్టూడియో ఉన్న చోటే కట్టారు, పాత బిల్డింగు 1989లో కూల్చేశారు. రెండోది లొరెయిన్ మోటెల్, 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చింది అక్కడే, ఇప్పుడు నేషనల్ సివిల్ రైట్స్ మ్యూజియం. దానికి కనీసం సగం రోజు ఉంచుకోండి, రెండూ ఒకే రోజు పెట్టుకుంటే పొద్దున్నే లొరెయిన్‌కి వెళ్ళి మధ్యాహ్నం తిన్నాక స్టాక్స్‌కి వెళ్ళండి, తిరగేసి చేస్తే లొరెయిన్ చదివి చూడ్డానికి టైం చాలదు.